యోనా వాకిట్లో గ్రామసభ

మా యేసమ్మక్కకు కూర్చోవడం చేతకాదు. అన్నం గిన్నె చేతిలో పట్టుకుని గడపకూ వాకిలికీ మధ్య తిరుగుతూ తినేది. చర్చిలో పాస్టరు ప్రసంగం కాస్త పొడుగైతే చాపల కింద దుమ్ముందని లేచి చీపురు వెతికేది. "జర కింద కూసో బిడ్డా, భూమేం కాల్తలేదు" అనేది అమ్మ.

అక్క పోయి ఏడాది అవుతోంది. చివరి రోజుల్లో మంచం మీద కూడా కాలివేళ్ళు కదిలిస్తూనే ఉండేది. అవి ఆగిన పొద్దున నేను పక్కనే ఉన్నాను. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కాని మా ఊళ్ళో ఇప్పటి పిల్లలు సమాధుల దారి తాతల కాలం నుంచి ఉందనుకుంటారు. లేదు. అది ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.

శంషాబాద్ నుంచి మంఖాల్ వైపు వెళ్ళేటప్పుడు బస్సు దిగి కొంత నడిస్తే మా ఊరు. ఊరికి పడమట మా వాడ, అన్నీ క్రైస్తవ కుటుంబాలే. సగం వాడ మొదటి బస్సుకే అత్తాపూర్‌లో కడుతున్న ఇళ్ళ దగ్గరికి కూలికి పోయేది. మిగతా సగం ఊరి రైతుల పొలాల్లో ఉండేది. మా సమాధుల జాగా చెన్నయ్య చేనుకు అవతల, గుట్ట కింద ఉంది. ఎవరు పోయినా ఆ చేను నడుమ నుంచే పెట్టె మోసుకుపోయేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు. ఇది దారి అని ఎక్కడా రాసుకోనూ లేదు.

తొంభై ఏడు వానాకాలంలో అమ్మ చనిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే చెన్నయ్య చేను చుట్టూ ముళ్ళకంప వేశాడు. అమ్మ పోయిన రోజు ఆయన ఊళ్ళో లేడు. కంప తీయమని వాళ్ళింటికి వెళ్ళి అడగడానికి మాలో ఎవరికీ కాళ్ళు రాలేదు. అడిగితే కాదంటారేమో, కాదంటే రేపటి నుంచి ఆ పొలంలో కూలి ఎట్లా? పెద్దలు గుసగుసగా మాట్లాడుకుని, వాగులో దిగి చుట్టు తిరిగి పోదామన్నారు. వాగు నడుమ ఒకరి కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల అమ్మ కదిలిన చప్పుడు మోసేవాళ్ళందరికీ వినపడింది. వెనకాల నడుస్తున్న అక్కకూ వినపడింది.

అంతకు ముందు ఆమె కూర్చోకపోవడం ఒక అలవాటు. ఆ తర్వాత అది వేరే సంగతి అయింది.

అప్పటికి రెండేళ్ళుగా ఆమె వార్డు మెంబరు. తొంభై అయిదు పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. మా వాడా, చెన్నయ్య వాళ్ళ గల్లీ ఒకే వార్డు. ఓటు అడగడానికి అక్క మొదటిసారి ఆ గల్లీ గడపలు ఎక్కింది. గెలిచాక చెన్నయ్యను 'పటేలా' అనడం మానేసి 'చెన్నయ్యన్నా' అనసాగింది. ఆయన మొదట్లో ఉలిక్కిపడేవాడు. తర్వాత పలకడం నేర్చుకున్నాడు. పంచాయతీ ఆఫీసులో మాత్రం ఆమెకు పెద్దగా పని చెప్పేవారు కాదు. సర్పంచ్ మల్లేశ్వర్ చాయ్ తెప్పించి, నవ్వించి పంపేవాడు.

సమాధుల దారిని ఊరి బాటగా రాయించాలని అక్క ఆయన వెంట పడింది. ఆయన నవ్వలేదు. అది తన చేతిలో లేదన్నాడు. గ్రామసభ కూడాలి, మండలం నుంచి వచ్చిన ఆఫీసరు ముందు జనం చేతులెత్తాలి, అప్పుడే తీర్మానం.

"ఇన్ని సభలైనయ్, మీ వాడోళ్ళు ఒక్కనాడన్న వచ్చిండ్రా అక్కా?" అని అడిగాడు.

వెళ్ళలేదు. సభలు ఎప్పుడూ ఆదివారం పొద్దున పది గంటలకు పెట్టేవారు. అప్పుడు వాడంతా చర్చిలో ఉండేది. కావాలని పెట్టారని మావాళ్ళు అనుకునేవారు. మాకు ఊరి సంగతులు పట్టవని వాళ్ళు అనుకునేవారు. ఒకరినొకరు అడిగింది లేదు.

మరుసటి ఎండాకాలానికి పెద్దనాయన యోనా మంచాన పడ్డాడు. మా నాన్నకు అన్న, వాడకు పెద్ద. ఆయాసం. దవాఖానలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయన వానలు దాటడని అందరికీ అనిపించింది. ఇంకోపక్క శంషాబాద్ చుట్టుపక్కల విమానాశ్రయం వస్తుందట అన్న మాట మొదలైంది. ఊళ్ళోకి కార్లు రాసాగాయి. బడంగ్‌పేట్ నుంచి ఒక దళారి వచ్చి చెన్నయ్య చేను గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి పోయాడు. అది విన్న రోజు అక్క అన్నం తినలేదు. చేను అమ్ముడుపోతే కంప స్థానంలో గోడ లేస్తుంది. పెద్దనాయనను కూడా వాగులో నుంచి మోయాల్సిందేనా? ఆమెకు ఆ ఒక్క ఆలోచనే.

సభ రోజు మార్పించడానికి పూనుకుంది. పనిదినాల్లో పెడితే కూలి పోతుందని వాడవాళ్ళు. ఒక రోజు వారపు అంగడి. శుక్రవారం మహబూబ్ సాబ్ వాళ్ళకు నమాజు. శనివారం హనుమాన్ గుడిలో భజన, తాళాలు కొట్టేది సర్పంచే. మంగళవారం మంచి పని వద్దని కొందరు. ఇంటింటికీ తిరిగి తిరిగి చివరికి మళ్ళీ ఆదివారానికే వచ్చింది, కాకపోతే మధ్యాహ్నం మూడు గంటలకు. ఒక ఊళ్ళో ఇన్ని వారాలు ఉన్నాయని తనకు ఇప్పుడే తెలిసిందని మల్లేశ్వర్ అన్నాడు.

వారమంతా ఆమె వాడలోనూ గల్లీలోనూ ప్రతి గడప దగ్గరా చెప్పింది. అందరూ "వస్తం తియ్యి" అన్నారు. మా ఊళ్ళో ఆ మాటకు రామని అర్థం.

ఆ ఆదివారం మృగశిర దగ్గర పడింది. మబ్బులు కమ్మి, గాలి ఆడక ఉక్కగా ఉంది. చర్చి వదిలాక కూర వండుకుని తిని వాడంతా పడుకుంది. నేనూ పడుకున్నాను. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. ఆఫీసరు స్కూటరు మీద వచ్చాడు. ఎదురుగా ఇద్దరు ముసలివాళ్ళు, సర్పంచ్, మా అక్క. మూడు దాటింది. జనం లేకపోతే సభ జరగలేదని రాసుకుని వెళ్ళిపోతాననీ, మళ్ళీ వానలు తగ్గాకేననీ ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. అక్క ఆఫీసు చుట్టూ ఒకసారి తిరిగి, చర్చి వైపు పరుగెత్తింది.

మా చర్చి గంట అంటే ఉందానగర్ స్టేషన్ దగ్గర ఎవరో తెచ్చిన రైలు పట్టా ముక్క. దాన్ని ఒక దూలానికి వేలాడదీసి ఇనుప కడ్డీతో కొడతారు. కొట్టేది ఆశేర్. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అక్క ఆయాసపడుతూ అతన్ని లేపింది.

"అందరు పండుకున్నరే. ఒక్కొక్క దెబ్బ గట్టిగ కొట్టు. గల్లీ దాక ఇనపడాలె" అని చెప్పి, ఆఫీసరు వెళ్ళిపోతాడేమోనని వెనక్కి పరుగు తీసింది.

ఆశేర్ ఒక్కొక్క దెబ్బే కొట్టాడు. గట్టిగా. దెబ్బకూ దెబ్బకూ మధ్య మోత ఆగేదాకా ఆగి మరీ కొట్టాడు.

మా వాడలో ప్రార్థనకు గంట గబగబా కొడతారు. ఆగి ఆగి కొడితే మనిషి పోయినట్టు. అక్కకు ఇది తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్న గంటే. ఆ తొందరలో మనసుకు రాలేదు.

నేను లేచి చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దనాయన ఇంటికి పరుగెత్తాను. నాకంటే ముందే వాకిలి నిండిపోయింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. గల్లీ వాళ్ళూ వస్తున్నారు. మా ఊళ్ళో సభకు రమ్మంటే ఎవరూ రారు గాని, చావు గంట వింటే ఏ గల్లీ వాళ్ళైనా వస్తారు. అది ఒకరు చెప్పే పని కాదు. చెన్నయ్య పక్కచేను రైతు కుర్మయ్య గుంత తవ్వడానికి గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. మహబూబ్ సాబ్ దుకాణం మూసి వచ్చాడు. పొయ్యి వెలగని ఇంటికని చెన్నయ్య భార్య రుక్కమ్మ గంపలో అన్నం, పప్పు తెచ్చింది.

తలుపు తెరుచుకుంది. పెద్దనాయన గడప పట్టుకుని బయటికి వచ్చాడు. నిద్రలో లేచినట్టున్నాడు. జనాన్ని చూసి దగ్గుతూ అడిగాడు.

"ఎవలు పోయిండ్రే?"

 చివరికి నేనే చెప్పాను, నువ్వే అనుకున్నామని.

"నాకు చెప్పకుండనే?" అన్నాడు.

ముందు వరుసలో ఏడుస్తున్న ఒకామెకు నవ్వు వచ్చింది. ఏడుపు ఆగకుండానే నవ్వింది. నవ్వు అటు పాకి ఇటు పాకి వాకిలంతా నిండింది. సరిగ్గా అప్పుడే చెన్నయ్య వచ్చాడు. చొక్కా చేతులు చిరిగి ఉన్నాయి. మోచేతుల దాకా గీతలు, నెత్తురు. గంట వినగానే ముందు చేను దగ్గరికి పోయి కంప లాగి పక్కన పారేసి, పెట్టె మోసేవాళ్ళకు అడ్డం లేకుండా చేసి అటు నుంచి అటే వచ్చాడు. అరుగు మీద కూర్చున్న యోనాను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

ఆఫీసు దగ్గర అక్కకు ఆ ఏడుపులు వినపడ్డాయి. నిజంగానే పెద్దనాయన పోయాడనుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన్ను చూసింది. జనాన్ని చూసింది. గంట కొట్టి వచ్చి నిలబడ్డ ఆశేర్ వైపు చూసింది. నాకు గుర్తున్నంతలో ఆమె మొదటిసారి కదలకుండా నిలబడింది అప్పుడే. తర్వాత వెనక్కి తిరిగి, ఏమీ చెప్పకుండా ఆఫీసు వైపు పరుగెత్తింది. కాసేపటికి సర్పంచ్ నెత్తి మీద కుర్చీతో, ఆఫీసరు చంకలో ఫైలుతో, ముందు అక్క.

"ఇక్కడెవరో చనిపోయారన్నారు కదమ్మా? ఇటువంటి చోట సభ ఏమిటి?" అన్నాడు ఆఫీసరు.

"చావలే సారు. అందరొచ్చిండ్రు. ఇప్పుడు పోతే మల్ల దొరకరు."

సంగతి అర్థమయ్యేసరికి కుర్మయ్యకు కోపం వచ్చింది. చావు గంట కొట్టి సభకు పిలవడం ఏం మర్యాద అని అడిగాడు. గడ్డపార ఎత్తుకుని లేచాడు. అతని వెనక నలుగురు లేచారు. తప్పు ఆశేర్‌ది కాదు, తనదేనని అక్క ఒప్పుకుంది. కాని కూర్చోమని ఎట్లా అడగాలో ఆమెకు తోచలేదు. చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరిగింది.

పెద్దనాయన అరుగు మీద నుంచే అన్నాడు: "నా ఇంటికి ఏడ్వనీకి వచ్చిండ్రు గద. ఏడుపైతే లేకపాయె. సభన్న పెట్టుకోండ్రి. కుర్మయ్యా, కూసో."

పోయాడనుకున్న మనిషి కూర్చోమంటే కాదనడం ఎట్లా? కుర్మయ్య కూర్చున్నాడు.

ఆఫీసరు వీధిదీపాల సంగతి చదివాడు, బడి గోడ సంగతి చదివాడు. అక్క ముందుకు వచ్చి దారి మాట ఎత్తింది. ఎత్తగానే అంతా చెన్నయ్య వైపు చూశారు. ఆయన చేతుల మీద నెత్తురు ఇంకా ఆరలేదు.

"శవానికి అడ్డం పెట్టేటోన్నా నేను? ఇయ్యాల ఎవల్ చెప్తే తీసిన? మల్ల గీ రాసుడెందుకు?" అన్నాడు.

"మా అమ్మను వాగుల నుంచి తీస్కపోయినం అన్నా."

"నేను ఊర్ల లేకుంటి. ఇంట్ల రుక్కమ్మ ఉండె. ఒక్కరన్న వచ్చి అడిగిండ్రా?"

మా వాడ పెద్దలు తలలు దించుకున్నారు. అడగడానికి భయమేసిందని అక్క చెప్పింది. తర్వాత పెట్టె ఒరిగిన సంగతి చెప్పింది, లోపల నుంచి వచ్చిన చప్పుడు సంగతి కూడా. ఆ ఏడాదిలో ఆమె దాన్ని మాతో కూడా అనలేదు. రుక్కమ్మ గంప మీద గుడ్డ సర్దుతూ ఉండిపోయింది.

 చెన్నయ్య గొంతు తగ్గించి చెప్పసాగాడు. రెండు బోర్లు వేయించాడట, రెండింట్లోనూ దుమ్మే. చేను అమ్మడం తప్ప ఏమీ మిగల్లేదు. చేను నడుమ శవాల బాట ఉందంటే ఎవరూ కొనరని కిందటేడే ఒక దళారి అన్నాడు. అందుకే కంప. మేము నడవకూడదని కాదు, నడిచిన గుర్తు కనబడకూడదని.

మా వాడలో అందరం నిండా ఏడాది ఆ కంపకు వేరే అర్థం చెప్పుకున్నాం. మా కాళ్ళు తగిలితే చేను మైలపడుతుందనుకున్నాడని పిల్లలకు కూడా చెప్పాం. ఆ బోర్ల మట్టి ఎత్తిపోసిన కూలీలు కూడా మా వాడవాళ్ళే. నీళ్ళు పడలేదని వాళ్ళకు తెలుసు. కంపకూ ఆ బోర్లకూ సంబంధం ఉండవచ్చని ఎవరికీ తట్టలేదు.

అక్క అప్పుడు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు తీస్తవన్నా. గంట ఇనంగనే ఉరికొచ్చి తీసినవ్. రేపు కొన్నోడు తీస్తడా? వానికి మన గంట ఎరుకనా?"

ఆమె 'మా గంట' అనలేదు. నేనప్పుడు గమనించలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట గొంతుతో సహా వినపడుతోంది.

చెన్నయ్య కుర్మయ్య వైపు తిరిగాడు. చేను నడుమ వద్దు, ఇద్దరి చేన్ల మధ్య గట్టును వెడల్పు చేస్తే తన వైపు నుంచి సగం ఇస్తానన్నాడు. కుర్మయ్య తనకేం లాభమని అడిగాడు. ఏం లాభమో మహబూబ్ సాబ్ చెప్పాడు: వానకు నీ ఎడ్లబండి అవతలి చేనుకు పోక గడ్డి నెత్తిన మోస్తున్నావు కదా, బండి పోయేంత వెడల్పు అయితే నీకూ బాటే. కుర్మయ్య గడ్డం గోక్కున్నాడు. బాట మీద పరిచే మొరం మట్టి పంచాయతీ తోలిస్తుందా అన్నాడు. తోలిస్తామని, పరిచే పని ఊరివాళ్ళు చేసుకోవాలని మల్లేశ్వర్. పరుస్తామని మా వాడ నుంచి మొదటిసారి ఎవరో గొంతెత్తారు. గల్లీ వాళ్ళు రాకపోతే మేమొక్కరమే పరిచేది లేదని ఇంకో గొంతు. ఎవరు రారంటున్నావని గల్లీ వైపు నుంచి కేక. అక్కడ నుంచి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"అయితే ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు చివరికి.

ఒక్క చెయ్యీ లేవలేదు. మావాళ్ళు రైతుల వైపు చూస్తున్నారు. రైతులు చెన్నయ్య వైపు చూస్తున్నారు. చెన్నయ్య నేల చూస్తున్నాడు. అక్క తన చెయ్యి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. ఆమె మొహం నల్లబడింది.

"కంప పీకనీకి లేచిన చెయ్యి, గిప్పుడు బరువాయెనా?" అంది రుక్కమ్మ మొగుణ్ణి చూడకుండానే.

చెన్నయ్య గీతలు పడిన చెయ్యి ఎత్తాడు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. కుర్మయ్య అందరికంటే చివర ఎత్తాడు, సగమే ఎత్తాడు. ఆఫీసరు అదీ లెక్కలోకి తీసుకున్నాడు.

ఎంత వెడల్పో రాయాలంటే జాగా చూడాలన్నాడు. అందరూ లేచారు. పెద్దనాయన కూడా లేచాడు. వద్దన్నా వినలేదు, కర్ర తెమ్మన్నాడు. ఆయన్ను మోయడానికి వచ్చిన జనమంతా ఆయన వెనక నడిచింది. పది అడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఊరంతా ఆగేది. ఆయన నడిస్తే ఊరూ నడిచేది. అక్క మాత్రం ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోతోంది.

గట్టు దగ్గర తగాదా మొదలైంది. చెన్నయ్య చెప్పిన వెడల్పు కుర్మయ్యకు ఎక్కువైంది, ఆఫీసరుకు తక్కువైంది. బండి ఒక్కటే కాదు, పెట్టె మోసేవాళ్ళు పట్టాలని పెద్దనాయన అన్నాడు. అయితే నిలబడి చూడండన్నాడు ఆఫీసరు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మావాళ్ళు ముగ్గురు నిలబడ్డారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. అందరూ కొలత చూసే హడావిడిలో ఉన్నారు. చెన్నయ్య వచ్చి ఆ చోట్లో నిలబడి, అందరిలాగే కుడి భుజం మీద చెయ్యి పెట్టుకున్నాడు. మా వాడ పెట్టె కింద ఆ గల్లీ మనిషి భుజం అంతకు ముందు నేను చూడలేదు. పెట్టె లేకపోయినా సరే.

పెద్దనాయన కర్ర మీద వంగి వాళ్ళను కింది నుంచి పై దాకా చూశాడు.

"ఇంక జర జరుగుండ్రి. నేనైతే సన్నగున్న. రేపు ఆశేర్ పోతే పట్టొద్దా?"

ఆశేర్ సిగ్గుపడ్డాడు. కుర్మయ్య గొణుగుతూ ఒక అడుగు వెనక్కి వేసి, తాను నిలబడ్డ చోటే గడ్డపార దించాడు. అక్కడ హద్దురాయి పాతి మట్టి తొక్కేదాకా అక్క దాని పక్కనే నిలబడింది. అవతలి చివర రాయి ఇంకా పాతాల్సి ఉంది. మిగతావాళ్ళు నుదుటి చెమట తుడుచుకుంటుంటే, ఆమె అప్పటికే అటు నడుస్తోంది.